అరకు కాఫీ కోసం కొండెక్కేవాళ్లకు: దారి, బస, గింజ బేరం

పొద్దున విశాఖలో బయల్దేరి రాత్రికి తిరిగొచ్చే అరకు టూర్లలో కాఫీ తోట ఉంటుంది గానీ కాఫీ పని కనిపించదు. సిల్వర్ ఓక్ నీడలో ఫొటో, కాఫీ మ్యూజియంలో ఒక కప్పు, అంతే. పగలంతా కోసిన పండ్లు పల్పర్ (పండు తొక్క తీసే యంత్రం) దగ్గరికి చేరేది సాయంత్రం, అప్పటికి టూరు బస్సులు ఘాట్ దిగిపోతుంటాయి. రైతు దగ్గరే కొనాలనుకునేవాళ్లు కనీసం రెండు రాత్రులు పైనే ఉండాలి.

కోత నవంబరులో మొదలైనా అప్పుడు తుపాను వానల భయం ఉంటుంది, ఎండబెట్టడమే గండం. డిసెంబరు రెండో సగం నుంచి జనవరి దాకా సరైన సమయం. శని, ఆదివారాలు మాత్రం వద్దు. గదుల ధరలు పెరుగుతాయి, ఘాట్‌లో బండ్లు బారులు తీరతాయి.

కిరండూల్ రైలు చూడ్డానికి బాగుంటుంది, విస్టాడోమ్ (అద్దాల పెట్టె) టికెట్ ముందే తీసుకోవాలి. కానీ అరకులో దిగేసరికి సగం పూట గడిచిపోతుంది, తోటలకు మళ్లీ ఆటో చూసుకోవాలి. గింజ కొనేవాళ్లకు ఎస్.కోట (శృంగవరపుకోట) మీదుగా సొంత బండే నయం. బస సౌకర్యాలు అరకులో ఎక్కువ. రోడ్డుకు దగ్గర్లో తోటలు కావాలంటే అనంతగిరి. చిన్న రైతుల తోటలు ఊరూరా చూడాలంటే పాడేరు, చింతపల్లి వైపే వెళ్లాలి, అక్కడ బస తక్కువ, దారి ఎక్కువ.

పర్యాటక శాఖ హరిత హోటళ్లలో ఉంటే భోజనం, పార్కింగ్ బెంగ ఉండదు, తోట మాత్రం దూరం. టెంట్లు ఫొటోల్లోనే బాగుంటాయి. డిసెంబరు మంచుకు తెల్లారేసరికి దుప్పటి తడిసి ముద్దవుతుంది. ఊళ్లో ఇంటి బస తీసుకుంటే వేడినీళ్లు, మరుగుదొడ్డి, తోటకు తీసుకెళ్లే మనిషి కూలి ముందే మాట్లాడుకోవాలి. లోపలి ఊళ్లలో సిగ్నల్ దొరకదు, ఫోన్‌పే నమ్ముకోకుండా నగదు ఉంచుకోండి.

ఇక పల్పర్ దగ్గర చూడాల్సినవి. పండ్లను ముందు నీళ్లలో పోస్తారు, తేలినవి తీసేయాలి. కోసిన రోజే తొక్క తీయాలి, రాత్రంతా గోనెసంచిలో ఉంటే లోపలే వేడెక్కి పులుస్తాయి. తొక్క తీశాక గింజకు అంటుకున్న జిగురు వదలడానికి ఒక రాత్రి చాలదు, డిసెంబరు చలిలో 24 నుంచి 36 గంటలు పట్టొచ్చు. గడియారం కన్నా చెయ్యే నమ్మకం: గుప్పెడు గింజలు రుద్దితే ఇసుక రాళ్లలా గరగరలాడాలి. ముక్కుకు వెనిగర్ వాసన తగిలిందంటే ఆలస్యమైనట్టే, కప్పులో పులుపు పోదు. ఎండబెట్టేది నేల మీదైతే మట్టి వాసన పడుతుంది. నేలకు ఎత్తుగా కట్టిన వలల మీద రెండంగుళాల మందాన పరిచి, మాటిమాటికీ తిరగేసి, రాత్రి మంచు పడకుండా కప్పే ఇల్లు దొరికితే ఆ రైతును వదులుకోవద్దు. తేమ 10–12 శాతం మధ్య ఆగాలి, చిన్న మీటరు వెంట తీసుకెళ్లండి.

బేరంలో గొడవంతా ‘కిలో ఎంత’ అన్న మాట దగ్గరే వస్తుంది. పండా, పార్చ్‌మెంటా (పొట్టుతోనే ఎండబెట్టిన గింజ), పొట్టు తీసిన పచ్చి గింజా? సుమారు ఆరు కిలోల పండుకు కిలో పచ్చి గింజ, వేయించాక 830 గ్రాములు మిగులుతుంది. పండు ధరను ఆరుతో హెచ్చించి, పల్పింగ్, ఆరబెట్టే కూలి కలిపి చూస్తే గానీ ఏ ధర న్యాయమో తెలియదు. ఎర్రపండ్లే కావాలని అడగడం తేలిక. దానికోసం ఒకే చెట్టు దగ్గరికి మూడు నాలుగు సార్లు రావాలి, ఆ కూలి రోస్టర్ (గింజ కొని వేయించేవాడు) ఇవ్వకపోతే రైతు పచ్చికాయతో సహా ఒకేసారి దూసేస్తాడు, తప్పు అతనిది కాదు. పంట మీద ముందే దళారి దగ్గర అడ్వాన్సు తీసుకున్నారేమో అడిగి, కాటా వేసిన రోజే డబ్బిచ్చేస్తే మరుసటి ఏడు కూడా ఆ ఇంటి తలుపు తెరిచే ఉంటుంది.

2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చాక రోడ్డు పక్క ప్రతి ప్యాకెట్ మీదా ఆ పేరే. వెనక్కి తిప్పి చికోరీ (కాఫీ పొడిలో కలిపే వేరు పొడి) శాతం చదవండి. ఇంకో మాట: 2025లో అరకు ప్రాంతంలో కాయ తొలిచే పురుగు కనిపించింది. ఒక ఊరి సంచులు ఇంకో ఊరి తోటలోకి తీసుకెళ్లకండి, గుర్తుగా పండ్లు జేబులో వేసుకుని రాకండి.

చిన్న రైతు దగ్గర సాధారణంగా పార్చ్‌మెంటే ఉంటుంది, పొట్టు తీసే మర ఉండదు. ఆ ఏర్పాటు కొనేవాళ్లే చూసుకోవాలి. పొట్టు తీసిన గింజను విశాఖలో మామూలు గోనెలో ఉంచితే సముద్రపు తేమ పీల్చి కొన్ని వారాల్లోనే రంగు పాలిపోతుంది. సరుకు కొండ మీదే పార్చ్‌మెంటుగా ఉంచుకుని, నెలకు సరిపడా పొట్టు తీయించి, గాలి చొరని సంచుల్లో దింపుకోండి.