చేప బ్యాక్టీరియా జీనోమ్: ఇల్యూమినానా, నానోపోరా?

పెంపకం చేపల ఒంటిమీద ఎర్రటి పుండ్లు, ఉబ్బిన పొట్ట కనిపిస్తే ముందుగా అనుమానం వచ్చేవాటిలో ఏరోమోనాస్ హైడ్రోఫిలా అనే బ్యాక్టీరియా ఒకటి. దాని జీనోమ్, అంటే మొత్తం డీఎన్‌ఏ, సుమారు 47 లక్షల బేస్‌లు (డీఎన్‌ఏ అక్షరాలు). దాన్ని చదివే పద్ధతులే ఇల్యూమినా, నానోపోర్. ఇల్యూమినా దాన్ని సాధారణంగా 150–300 బేస్‌ల ముక్కలుగా చదువుతుంది, తప్పులు చాలా తక్కువ. రెండు చెరువుల్లో చేపల్ని చంపింది ఒకే స్ట్రెయినా (ఆ బ్యాక్టీరియాలో ఒకే ఉపరకమా) అని తేల్చాలంటే ఒక్కో అక్షరం తేడా లెక్కే కదా, అక్కడ నాకు దీనిమీదే నమ్మకం.

కానీ ఒకే వరస పదేపదే వచ్చేచోట ఈ ముక్కలు అతకవు. ఉదాహరణకి, రైబోజోమ్ (కణంలో ప్రోటీన్లు తయారుచేసే భాగం) ఆర్‌ఎన్‌ఏ జన్యువుల గుంపు ఒక్కొక్కటే దాదాపు 5,000 బేస్‌లు, అలాంటివి చాలాచోట్ల ఉంటాయి. నానోపోర్ చాలా పొడవైన ముక్కల్ని చదువుతుంది కాబట్టి ఒక్క రీడ్‌తో (ఒకేసారి చదివిన ముక్కతో) ఆ గుంపుని దాటేస్తుంది. యాంటీబయాటిక్‌ని తట్టుకునే జన్యువు క్రోమోజోమ్‌లో ఉందా, పక్క బ్యాక్టీరియాకి పాకే ప్లాస్మిడ్‌లో (క్రోమోజోమ్‌కి విడిగా ఉండే చిన్న డీఎన్‌ఏలో) ఉందా అన్నది అప్పుడే స్పష్టంగా తెలుస్తుంది. నాకైతే ఇదే అసలు ప్రశ్న. ఒకే అక్షరం వరసగా వచ్చేచోట మాత్రం నానోపోర్ తడబడుతుంది. బడ్జెట్ ఉంటే రెండూ చేయించండి.