పైథాన్, జావా: ఏ తలనొప్పి నయం?

ఈ రెండు ప్రోగ్రామింగ్ భాషలూ విసిగిస్తాయి. కాకపోతే జావా కోడ్ రాసేటప్పుడు విసిగిస్తుంది, పైథాన్ అది నడిచేటప్పుడు. ఏది మేలో తేల్చడానికి నాకు ఈ తేడా ఒక్కటి చాలు.

మొదటి రోజు మార్కులు పైథాన్‌కే. ప్రింట్ అని ఒక్క లైను రాస్తే పనైపోతుంది. జావాలో అదే పనికి క్లాసు, పబ్లిక్ స్టాటిక్ వాయిడ్ మెయిన్ అంటూ, అమీర్‌పేట కోచింగుల్లో అర్థం తర్వాత చెప్తామని బట్టీ పట్టించే తంతు ఉండేది. 2025లో వచ్చిన జావా 25 దాన్ని బాగా తగ్గించింది. కానీ ఆఫీసుల్లో జావా 8 మీద నడిచే కోడ్ ఇంకా బోలెడు. డేటా, మెషీన్ లెర్నింగ్ పనంటారా, పోటీయే లేదు. నంపై, పాండాస్, పైటార్చ్ లాంటి లైబ్రరీలన్నీ పైథాన్ వైపే.

అసలు కథ కోడ్ పెరిగాక మొదలవుతుంది. బిల్లు ఆబ్జెక్టులో టోటల్ అనే ఫీల్డు ఉందనుకోండి. డిస్కౌంట్ తీసేసి కొత్త విలువ ఇచ్చే చోట, తొందరలో స్పెల్లింగ్‌లో ఒక అక్షరం ఎగిరిపోయింది. కోడ్ నడవకముందే దాన్ని చదివి తర్జుమా చేసే జావా కంపైలర్ అక్కడికక్కడే ఆపేస్తుంది. పైథాన్ మామూలుగా కిక్కురుమనదు. ఆ తప్పుడు పేరుతోనే ఇంకో ఫీల్డు పుట్టించి ముందుకెళ్లిపోతుంది. బిల్లు మీద పాత మొత్తమే పడుతుంది, కస్టమర్ ఫోన్ చేసేదాకా ఎవరికీ తెలీదు. టైప్ హింట్లు (ఎక్కడ ఏ రకం విలువ ఉండాలో చెప్పే గుర్తులు) రాసి, వాటిని సరిచూసే మైపై అనే టూల్ నడిపితే ఇలాంటివి ముందే దొరుకుతాయి, నిజమే. కానీ అది టీమ్ పెట్టుకోవాల్సిన నియమం, భాష పట్టుబట్టేది కాదు.

ప్యాకేజీల (ఇతరులు రాసిపెట్టిన కోడ్) గోల సరేసరి. కొత్త ఉబుంటు లినక్స్‌లో, ప్యాకేజీలు దింపే పిప్ ఇన్‌స్టాల్ కమాండ్ నేరుగా కొడితే, సిస్టమ్ పైథాన్ జోలికి రావద్దంటుంది. ప్రతి ప్రాజెక్టుకీ వేరే వెన్వ్, అంటే దాని ప్యాకేజీలకు విడి గూడు, పెట్టుకోవాలి. జావాలో ప్యాకేజీల పని చూసే మావెన్ టూల్ ఎక్స్‌ఎంఎల్ ఫైల్ చూస్తే విసుగొస్తుంది గానీ, టెన్షన్ తక్కువ. పాత కోడ్ విషయంలోనూ అంతే. 2008లో పాత కోడ్‌తో పొసగని పైథాన్ 3 వచ్చాక, పైథాన్ 2ని సాగనంపడానికి 2020 దాకా పట్టింది. జావా తన వాళ్లను అంతలా ఏడిపించలేదు.

అలాగని జావా బుద్ధిమంతురాలేం కాదు. రెండు ఇంటిజర్ ఆబ్జెక్టుల్లో 127 పెట్టి డబుల్ ఈక్వల్స్ (==)తో పోల్చండి, సమానమంటుంది. 128 పెట్టండి, మామూలుగా కాదంటుంది! డబుల్ ఈక్వల్స్ చూసేది విలువను కాదు, రెండూ ఒకే ఆబ్జెక్టా అని; చిన్న సంఖ్యల్ని ముందే దాచుకుని మళ్లీ మళ్లీ అవే వాడటం వల్ల వచ్చే చిక్కు ఇది. ఈక్వల్స్ మెథడ్ వాడాలి. ఇంటర్వ్యూల్లో అడిగి మరీ ఏడిపిస్తారు.

ఒకేసారి వేల రిక్వెస్టులు తట్టుకోవడంలో జావా 21 వర్చువల్ థ్రెడ్లతో (ఒకేసారి చాలా పనులు నడిపే తేలికైన ఏర్పాటు) బాగా ముందుంది. పైథాన్‌లో గిల్ (ఒకసారికి ఒక్క థ్రెడ్‌నే పైథాన్ కోడ్ నడపనిచ్చే తాళం) లేని బిల్డ్ 3.13తో వచ్చింది కానీ, లైబ్రరీలన్నీ దానికి అలవాటు పడాలి.

నన్నడిగితే, ఒక్కరే రాసుకునే స్క్రిప్టుకీ, డేటా పనికీ పైథాన్. అయిదారుగురు ఏళ్ల తరబడి చేతులు మార్చుకునే పేమెంట్ సర్వీసుకి జావా. అక్కడా పైథానే కావాలని మేనేజర్ పట్టుబడితే, మొదటి కమిట్‌తోనే, అంటే కోడ్ మొదటిసారి భద్రపరిచేటప్పుడే, మైపై పెట్టించండి. లక్ష లైన్లయ్యాక పెడదామంటే ఎవరూ ఒప్పుకోరు.