ఒక్క షీటులో పట్టని డిజైన్‌కి షీట్‌క్యామ్ ఎంతవరకు పనికొస్తుంది?

షీట్‌క్యామ్ అంటే గీసిన డిజైన్‌ని కోత యంత్రం నడిచే కోడ్‌గా మార్చే సాఫ్ట్‌వేర్. ముందే చెప్పాల్సిన మాట: షీట్‌క్యామ్ మీ డిజైన్‌ని ముక్కలు చేసి పెట్టదు. 3000×1800 మి.మీ. గేటు డిజైన్‌ని 1200×1200 టేబుల్ మీద ప్లాస్మా మంటతో కోయాలంటే, ఎక్కడ విడగొట్టాలో తేల్చుకోవాల్సింది గీసేవాళ్లే. కానీ ఆ ముక్కల్ని పక్కపక్కన పెట్టినప్పుడు అతుకు కుదురుతుందా లేదా అన్నది మాత్రం షీట్‌క్యామ్ సెట్టింగుల్లోనే తేలిపోతుంది. ఆ పనికి దీన్ని వాడమని మేం ధైర్యంగా చెప్పగలం.

విడగొట్టడానికి ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ చాలు, అది ఉచితం. డిజైన్ అంతా ఒకే పాత్‌గా కలిపి, దాని మీద 1000×900 దీర్ఘచతురస్రాలు ఆరు పేర్చి, డిజైన్ కాపీ ఒక్కోదానితో ఇంటర్‌సెక్షన్ (రెండూ కలిసే భాగాన్నే ఉంచే ఆదేశం) ఇస్తే ఆరు మూసిన ఆకారాలు వస్తాయి. ప్రిఫరెన్సెస్‌లో జామెట్రిక్ బౌండింగ్ బాక్స్ పెట్టుకోకపోతే గీత మందం కూడా కొలతలో కలిసిపోయి దీర్ఘచతురస్రాలు తేడాగా కూర్చుంటాయి. అతుకు సన్నటి తీగెల మీదుగా పోకుండా, వెడల్పైన చోట పడేలా చూడండి. ఫైలు షీట్‌క్యామ్‌లోకి తెచ్చాక ముందు వెడల్పు కొలవండి. ఇంక్‌స్కేప్ 0.92 నుంచి అంగుళానికి 90 పిక్సెళ్ల బదులు 96 పిక్సెళ్ల లెక్క వచ్చింది. ఆ తేడా దూరితే 1000 మి.మీ. ముక్క 1067 అవుతుంది, లేదా 937.5కి తగ్గుతుంది.

అసలు విలువ కెర్ఫ్ దగ్గర, అంటే మంట కోసుకుపోయే సందు వెడల్పు దగ్గర తెలుస్తుంది. మంట 1.5 మి.మీ. లోహాన్ని తినేస్తుందనుకోండి. ఆఫ్‌సెట్ (గీతకి పక్కగా జరిపి కోయడం) లేకుండా గీత మీదే కోస్తే ప్రతి ముక్కా రెండు పక్కలా 0.75 చొప్పున తగ్గుతుంది. మూడు ముక్కల వరుసలో 4.5 మి.మీ. లోటు. దగ్గరికి నెట్టి పెడితే అతుకు దాటే తీగెలు ఒకదానికొకటి కలవవు. షీట్‌క్యామ్‌లో బయటి గీతకి అవుట్‌సైడ్ ఆఫ్‌సెట్, లోపలి రంధ్రాలకి ఇన్‌సైడ్ ఆఫ్‌సెట్ ఇచ్చి, టూల్‌లో కెర్ఫ్ అంకె నింపితే కొలత నిలబడుతుంది. ఆ అంకెని పుస్తకం చూసి నింపకండి. 100 మి.మీ. చదరం ఆఫ్‌సెట్ లేకుండా కోసి కొలవండి. 98.4 వస్తే మీ కెర్ఫ్ 1.6. మంట వచ్చే నాజిల్ అరిగేకొద్దీ ఇది పెరుగుతుంది. అందుకే పెద్ద పనికి ముందు కొత్త నాజిల్ వేసి, ఆరు ముక్కలూ వరసగా కోసేయడం మంచిది.

స్టార్ట్ పాయింట్‌ని ఎక్కడికైనా జరుపుకోనివ్వడం మాకు బాగా నచ్చిన సంగతి. మంట మొదలైన చోట చిన్న గుంటో బుడిపో మిగలక తప్పదు. దాన్ని అతుకు అంచు మధ్యలోకి తెచ్చేయండి. గుంటయితే వెల్డింగ్ కప్పేస్తుంది, బుడిపయితే ఫైలుతో నాలుగు సార్లు రుద్దితే పోతుంది. అదే ఆకు వంపు మీద పడితే రంగు వేసినా కనిపిస్తుంది. మంట వదిలే మామూలు టార్చ్‌కి నడిచే దిశలో కుడి పక్క అంచు నిటారుగా వస్తుంది, ముక్క ఆ పక్కే ఉండాలి కాబట్టి బయటి గీత సవ్యదిశలో, రంధ్రాలు అపసవ్యదిశలో తిరుగుతున్నాయో లేదో స్క్రీన్ మీద బాణాలు చూసి సరిచూసుకోండి.

నెస్టింగ్ మోడ్‌లో ముక్కల్ని జరిపి, తిప్పి షీటు ఆదా చేయొచ్చు. ఇక్కడే ఒక చిక్కుంది. టేబుల్ మూలమట్టం 1000 మి.మీ.కి 1 మి.మీ. తప్పిందనుకోండి. అన్ని ముక్కలూ ఒకే వైపు పెట్టి కోస్తే అన్నీ ఒకే తీరులో వాలతాయి, అతుకులు కలిసిపోతాయి. ఒక్కదాన్ని 90 డిగ్రీలు తిప్పితే దాని వాలు ఎదురు తిరుగుతుంది, అతుకు ఒక కొసన 2 మి.మీ. నోరు తెరుస్తుంది. 180 తిప్పితే ఫరవాలేదు. ముందుగా 1000×1000 చదరం కోసి రెండు కర్ణాలూ కొలవండి. రెండూ 1414 దగ్గర సమానంగా ఉండాలి. తేడా 1.4 వస్తే మూలమట్టం 1 మి.మీ. తప్పినట్టే.

పాత్ రూల్స్ (కోత దారిలో ఎక్కడ ఏం మారాలో చెప్పే నియమాలు) నేర్చుకోవడానికి ఓపిక కావాలి, కానీ వదలకండి. మూలల్లో వేగం తగ్గితే వోల్టేజి పెరుగుతుంది, వోల్టేజిని బట్టి ఎత్తు సరిచేసే టీహెచ్‌సీ అనే పరికరం ఎత్తు పెరిగిందనుకుని టార్చ్‌ని కిందికి దించేస్తుంది, టార్చ్ షీటుని తాకుతుంది. మూలకి ముందే టీహెచ్‌సీ ఆగేలా ఇక్కడ రూల్ రాసుకోవచ్చు.

లోపాలూ ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ తెర మీద కనిపించే తీరు పాతకాలం నాటిది. ట్రయల్ కాపీ 180 లైన్ల కోడ్ వరకే ఇస్తుంది, తీగెలూ పువ్వులూ ఉన్న ముక్కకి అది ఏ మూలకీ చాలదు. ఆరు షీట్ల పనైతే ఒక్కో షీటుకీ విడిగా జాబ్ ఫైలు దాచుకోవడం మేలు. ఫైలు పేరులో వరుస, నిలువు అంకెలు రాయండి, అవే అంకెల్ని కోసిన వెంటనే ముక్క వెనక సుద్దతో రాయండి. ఆకులూ తీగెలే నిండిన డిజైన్‌లో రెండో ముక్కకీ ఐదో ముక్కకీ తేడా కంటితో పట్టడం కష్టం.