రంగు మందారాలు కొంటున్నారా? ముందు మొగ్గ చూడండి

ముందే చెప్పేస్తున్నాను, ఇది రాజమండ్రి దగ్గరున్న కడియం నర్సరీల మీద కంప్లయింట్ కాదు. కడియం పేరు మైకులో అరుచుకుంటూ మన వీధుల్లోకి వచ్చే కొన్ని మొక్కల బండ్ల గురించి. అమలాపురం, కొత్తపేట, రావులపాలెం చుట్టుపక్కల ఉన్నవాళ్ళు కాస్త ఓపిగ్గా చదవండి. శ్రావణం దగ్గరకొచ్చేసింది, పూజకి పూలు కావాలని అందరం మొక్కల మీద పడే రోజులు, వాళ్ళకీ ఆ సంగతి బాగా తెలుసు.

పోయిన ఏడాది వరలక్ష్మీ వ్రతం రేపనగా, గురువారం పొద్దున్న తొమ్మిదింటికి మా వీధిలోకి ట్రాలీ ఆటో ఒకటి వచ్చింది. "కడియం మొక్కలండీ, హైబ్రిడ్ మందారాలండీ" అని రికార్డు చేసిన గొంతు. గుమ్మంలోకి వెళ్ళి చూస్తే నిజంగానే కళ్ళు చెదిరాయి. ఒక్కో పువ్వూ టిఫిన్ ప్లేటంత ఉంది. పసుపు రేకుల మధ్యలో కుంకుమ బొట్టు పెట్టినట్టు ఒకటి, నారింజ ఒకటి, మీగడ రంగు, లేత గులాబీ, ముదురు వంకాయ రంగు, అన్నిటికన్నా వింతగా నీలం. నీలం మందారం ఎక్కడైనా చూశారా? నేనూ చూడలేదు, అందుకే పడిపోయాను.

"ఎంతయ్యా?" అంటే "ఒక్కోటి మూడొందలమ్మగారూ, బోణీ బేరం, మీకని రెండున్నర" అన్నాడు. ఆరూ తీసుకుంటానని 1,200కి తెగ్గొట్టాను. తెగ్గొట్టానని నేను మురిసిపోయాను, అతను ఒక్క మాట ఎక్కువ అనకుండా మొక్కలు దింపేశాడు. అప్పుడే అనుమానం రావాల్సింది. లోపల్నుంచి మా ఆయన "ఆదివారం కడియపులంక నర్సరీలకి వెళ్దాం, బండి మీద గంట కదా" అంటూనే ఉన్నారు. అత్తయ్యగారైతే "నూతి దగ్గర అంత చెట్టు పెట్టుకుని డబ్బులిచ్చి మందారం కొనడమేంటమ్మా" అన్నారు. ఎవరి మాటా వినలేదు. క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి డబ్బులు కొట్టేశాను. బిల్లు లేదు, షాపు పేరు లేదు.

సాయంత్రానికి పూలన్నీ ముడుచుకున్నాయి. అందులో తప్పేం లేదు, మందారం ఒక్కరోజు పువ్వు, కొన్ని హైబ్రిడ్లు రెండో రోజు కూడా నిలుస్తాయంతే. మర్నాడు పొద్దున్న, పూజ పనిలో ఉండి కూడా, వాడిన పూలు తీసేద్దామని మీగడ రంగు దాన్ని పట్టుకుని లాగాను. పువ్వు ఊడి వచ్చింది, దాంతోపాటు రెండంగుళాల చీపురు పుల్ల వచ్చింది.

కాసేపు అర్థం కాలేదు. కొమ్మ చివర ఏటవాలుగా కోసి ఉంది. ఆ లేత కొమ్మ నడిమధ్యలోకి చీపురు పుల్ల ఒక కొస దిగ్గొట్టి, రెండో కొస పువ్వు తొడిమలోకి గుచ్చి, అతుకు మీద తడిపిన అరటి నార నాలుగు చుట్లు చుట్టాడు. పూలమాలలు కట్టే నారే. కొమ్మ రంగులో కలిసిపోయి, పక్కన రెండు ఆకులు అడ్డం ఉంటే, కళ్ళజోడు పెట్టుకుని చూసినా కనబడదు. పనితనం మాత్రం మెచ్చుకోవాలి.

మిగతావి కూడా చూశాను. వంకాయ రంగుకి పుల్ల, గులాబీకి పుల్ల, నీలం దానికీ పుల్లే, పైగా ఆ రేకులు పట్టుకుంటే నా వేళ్ళకి నీలం అంటుకుంది. తెల్ల పువ్వుకి ఏదో రంగు ఎక్కించాడన్నమాట. మన ఊళ్ళలో పెరిగే మందారంలో అచ్చమైన నీలం లేదట. కొన్ని హైబ్రిడ్లు బూడిద కలిసిన ఊదా రంగులో పూస్తాయి, ఎండకి అదీ వెలిసిపోతుంది. ఫోన్లో కనబడే నీలం మందారాల ఫోటోల్లో కొన్ని చలి దేశాల్లో పెరిగే వేరే జాతివి, కొన్ని కంప్యూటర్లో రంగు మార్చినవి. ఎవరైనా మీకు ఆకాశనీలం మందారం చూపిస్తే ముందు తడి చేత్తో రేకు రుద్దండి.

ఆ నాలుగు మొక్కలకీ చిన్న చిన్న పచ్చి మొగ్గలున్నాయి. కొంచెం పెద్దది ఒకటి గోరుతో చీల్చి చూస్తే లోపల ఎర్రగా ఉంది. పెంచి చూద్దాంలే అనుకున్నా. దసరాకల్లా నాలుగూ పూశాయి. నాలుగూ ఎర్ర ఒంటిరేకు మందారాలే, అచ్చం మా నూతి దగ్గరున్నవే. "మన చెట్టు కొమ్మే మనకి రెండొందలకి అమ్మాడు" అని అత్తయ్యగారు ఇప్పటికీ వచ్చినవాళ్ళందరికీ చెబుతుంటారు. ఫోన్‌పేలో పడిన పేరు మీద ఉన్న నంబరుకి చేస్తే ఎప్పుడూ స్విచ్చాఫ్. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉందని తెలుసు, కానీ ఎవరి మీద అని చెప్పను?

కార్తీకంలో అటు వెళ్ళినప్పుడు కడియపులంకలో ఒక నర్సరీలో ఆగి, దాచిపెట్టిన ఆ పుల్ల చూపించాను. అక్కడి పెద్దాయన నవ్వేశారు. "ఆయ్, మందారం పువ్వు తెంపినా సాయంత్రం దాకా వాడదండి, నీళ్ళల్లో పెట్టక్కర్లేదు కూడా. అదే వాళ్ళ పెట్టుబడి. సాయంత్రం ఎలాగూ ముడుచుకునేదే కాబట్టి మీకు అనుమానం రాదు, వాళ్ళు ఊరు దాటేస్తారు" అన్నారు. నిజమే కదా. మందారం కాబట్టే ఈ మోసం ఇంత శుభ్రంగా జరిగింది. అక్కడే అడిగితే మామూలు ఎర్ర మందారం కవరు మొక్క 40 రూపాయలన్నారు.

ఆయన చూపించిన గుర్తులు చెబుతాను, ఇవి మాత్రం గుర్తుపెట్టుకోండి. పువ్వు సంగతి వదిలేసి మొగ్గ చూడమన్నారు. రేపో ఎల్లుండో విచ్చుకోబోయే మొగ్గకి చివర రంగు బయటికి తొంగిచూస్తుంది, పువ్వుదీ మొగ్గదీ ఒకే రంగైతే అది ఆ మొక్క పువ్వే. అసలు మొగ్గే లేకుండా కొమ్మకొక్క పెద్ద పువ్వు నిలబడి ఉంటే వద్దు. తర్వాత ఆకు. హైబ్రిడ్ ఆకు వెడల్పుగా, దళసరిగా, నూనె రాసినట్టు ఉంటుంది, మన ఎర్ర మందారం ఆకు సన్నం, అంచులకి రంపం పళ్ళు. రంగు రంగుల పూలున్న మొక్కలన్నిటికీ ఆకులు మాత్రం ఒకే తీరుగా ఉన్నాయంటే ఇంక చెప్పక్కర్లేదు. నా నాలుగింటికీ అలాగే ఉన్నాయి, పూల మీదే కళ్ళు పెట్టుకున్న నాకు కనబడలేదు.

ఇంక అంటు. రంగు మందారాల కొమ్మని చాలావరకు గట్టి నాటు మందారం కాండం మీద అతికించి అంటు కడతారు, ఎందుకంటే వాటి సొంత వేర్లు నీరసం. మట్టికి జానెడు లోపు కాండం మీద ఏటవాలు మచ్చో, ముడిలాంటి బొడిపో కనబడాలి. అక్కడ ప్లాస్టిక్ టేపు ఇంకా కొత్తగా ఉంటే అంటు పూర్తిగా అతుక్కోలేదేమో, మెల్లగా అటూ ఇటూ కదిపి చూడాలి. కవరు అడుగు బెజ్జాల్లోంచి తెల్ల వేళ్ళు కనబడాలి. మొక్కని కాండం పట్టుకుని కొంచెం పైకి ఎత్తితే మట్టితో సహా లేవాలి, మొక్క ఒక్కటే జారి వస్తే నిన్నో మొన్నో గుచ్చిన కొమ్మ. ఇవన్నీ చూస్తుంటే అమ్మేవాడు విసుక్కున్నాడంటే అక్కడితో బేరం ఆపేయండి.

మరి మిగతా రెండూ, పసుపూ నారింజా? అవి అసలైన అంటు మొక్కలే. వాటిని నేనే పాడుచేశాను, అందులో కొంత పాపం నాదే అని ఒప్పుకోవాలి, ఆ కథ కూడా వినండి.

నారింజది పెరట్లో నేల మీద పెట్టాను. మా పెరడంతా బంకమన్ను, శ్రావణ భాద్రపదాల్లో ముసురు పట్టిందంటే గొయ్యిలో నీళ్ళు రెండ్రోజులు అలాగే ఉంటాయి. కవర్లో మట్టి పైపైనే, లోపలంతా కొబ్బరి పొట్టు, అది స్పాంజిలా నీళ్ళు పట్టుకుంది. ఆకులు వాలిపోతుంటే దాహం వేస్తోందేమోనని ఇంకో చెంబు పోశాను. మట్టి తడిగా ఉన్నా ఆకు వాలిందంటే వేరు కుళ్ళుతోందని అప్పుడు తెలీదు. పీకి చూస్తే వేళ్ళు గోధుమ రంగులో, పట్టుకుంటే తొక్క ఊడి వస్తున్నాయి. మన నేలల్లో హైబ్రిడ్ మందారం పెట్టాలంటే నేలకన్నా అడుగు ఎత్తు దిబ్బ పోసి, ఇసుకా పశువుల ఎరువూ కలిపి పెట్టాలి, లేదంటే అడుగున బెజ్జాలున్న కుండీయే మేలు.

పసుపుది కుండీలో, మేడ మీద, రోజుకి ఐదారు గంటల ఎండ తగిలేచోట పెట్టాను. సంక్రాంతి దాకా బ్రహ్మాండంగా పూసింది. పూలమొక్క కదా అని చేలో వేయగా మిగిలిన డీఏపీ ఎరువు గుప్పెడు వేశాను, అందులో భాస్వరం ఎక్కువ. మందారానికి భాస్వరం ఎక్కువైతే పడదని తర్వాత తెలిసింది, దానికి పొటాష్ కావాలి. ఈలోపు ఎండాకాలం వచ్చింది, ధవళేశ్వరం ఆనకట్ట నుంచి కాలువలకి నీళ్ళు ఆపేశారు, కుళాయి నీళ్ళు రెండ్రోజులకోసారి. ఇంక బోరు నీళ్ళే గతి. కోనసీమలో బోరు నీళ్ళ సంగతి తెలిసిందే కదా, సముద్రం వైపు వెళ్ళేకొద్దీ ఉప్పు. ఆకుల అంచులు కాల్చినట్టు మాడిపోయాయి, మొగ్గలు వచ్చినవి వచ్చినట్టే రాలిపోయాయి, కుండీ అంచున తెల్లటి ఉప్పు పేరుకుంది. వైశాఖంలో పైకొమ్మలు ఎండి, కింద నుంచి రెండు చిగుళ్ళు ఏపుగా లేచాయి. బతికిందిరా బాబూ అని మురిసిపోయి రోజూ బియ్యం కడిగిన నీళ్ళు పోశాను. అవి అంటు కింద నుంచి, అంటే నాటు మందారం నుంచి వస్తున్నాయని చూసుకోలేదు. పోయిన వారం పూసింది. ఎర్ర ఒంటిరేకు.

దాంతో ఆరుకి ఆరూ పోయినట్టే. అంటు కింద ఏ చిగురు కనబడినా గోరుతోనే గిల్లేయాలి, వదిలేస్తే పైదానికి తిండి సరిగ్గా అందదు.

అసలు టెన్షన్ ఇంకొకటుంది. ఆ బండి మొక్కలు తెచ్చిన రోజే వంకాయ రంగు దాని చిగుళ్ళు ముడతపడి ఉన్నాయి, ఆకు వెనకాల పిండి చల్లినట్టు తెల్లగా ఉంది. దుమ్మనుకున్నా. తీరా చూస్తే అది పిండినల్లి అనే రసం పీల్చే పురుగు. నెల తిరక్కుండా నూతి దగ్గర పాత చెట్టుకి పాకింది, అక్కణ్ణుంచి బెండ మొక్కలకి, బెండ కూడా మందారం కుటుంబమే కదా. చీమలు బారులు తీరి వాటిని కాపలా కాస్తుంటాయి, చీమలు ఎక్కుతున్నాయంటే పైన పిండినల్లి ఉందేమో చూసుకోవాలి. పాత చెట్టు కొమ్మలు సగం కొట్టించి కాల్చేశాం. మిగతాదానికి ముందు గొట్టంతో నీళ్ళు గట్టిగా కొట్టి, లీటరు నీళ్ళకి 5 మి.లీ. వేపనూనె, నాలుగు చుక్కలు సబ్బునీళ్ళు కలిపి, ఎండ తగ్గాక వారం వారం కొడితే మూడు నెలలకి దారికొచ్చింది. 1,200 పోయినందుకన్నా, అత్తయ్యగారు కాపురానికి వచ్చిన కొత్తలో పెట్టిన ఆ చెట్టు అలా అయినందుకే నాకు బాధ. కొత్త మొక్క ఎక్కడ కొన్నా, నమ్మకమైన నర్సరీలో కొన్నా సరే, రెండు వారాలు మిగతా మొక్కలకి దూరంగా ఉంచండి.

ఇంకో మాట. నర్సరీలో అడుగున్నర ఎత్తులోనే గుబురుగా, నిండా మొగ్గలతో ఉన్న మందారాలకి ఎదుగుదల ఆపే మందు పెట్టి ఉండొచ్చు, మామిడి తోటలవాళ్ళకి తెలిసిన కల్టార్ లాంటిది. అది మోసమేం కాదు, కుండీ మొక్కలకి చాలాచోట్ల చేసేదే. కానీ కొన్ని నెలలకి ఆ ప్రభావం తగ్గి మొక్క పొడుగ్గా సాగితే కంగారు పడకండి, కత్తిరించుకోవాలంతే. కొనేటప్పుడే అడిగితే మంచి నర్సరీవాళ్ళు చెబుతారు. బిల్లు కూడా అడగండి, బండి దగ్గరైతే కనీసం బండి నంబరు కనబడేలా ఫోటో తీసుకోండి.

నిన్న పొద్దున్న పక్క వీధిలో మళ్ళీ మైకు వినబడింది, అదే గొంతులా అనిపించింది. చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని పరిగెత్తాను, నేను వెళ్ళేసరికి బండి మలుపు తిరిగి వెళ్ళిపోయింది. చివరింటి పిన్నిగారు అప్పటికే రెండు కొనేశారు, ఒకటి తెలుపు, ఒకటి వంకాయ రంగు. ఇద్దరం అరుగు మీద కూర్చుని చూశాం. తెల్లదానికి మొగ్గ కొసలు తెల్లగా ఉన్నాయి, అంటు మచ్చ కూడా ఉంది. రెండోదాని పువ్వు కింద అరటి నార కనబడింది. పిన్నిగారు దాన్ని లాగనివ్వలేదు, "సాయంత్రం దాకా ఉండనీవే, మా ఆయన చూడాలి" అన్నారు.