టార్ మెట్రిక్స్: టార్ ఎంత స్లోనో లెక్కతో చూడాలంటే

టార్ అంటే మనమెవరో బయటపడకుండా నెట్ వాడుకునేందుకు ఉన్న నెట్‌వర్క్. "టార్ స్లో" అని అందరూ అంటారు, ఎంత స్లో అని అడిగితే చెప్పేవాళ్లు తక్కువ. ఆ లెక్క టార్ మెట్రిక్స్ సైట్‌లో దొరుకుతుంది. ఆనియన్‌పెర్ఫ్ అనే టూల్ మనలాగే మూడు రిలేల (ట్రాఫిక్‌ను ఒకదాని నుంచి మరోదానికి అందించే టార్ సర్వర్ల) మీదుగా ఫైళ్లు పదేపదే డౌన్‌లోడ్ చేసి, పట్టిన టైమ్ నమోదు చేస్తుంది. నాకు బాగా నచ్చిందేంటంటే, ఒక్క సగటు చెప్పి ఊరుకోకుండా అటూ ఇటూ తేడా ఎంతుందో కూడా గ్రాఫ్‌లో చూపిస్తారు, ఎందుకంటే మనిషిని విసిగించేది ఆ తేడానే, ఒక పేజీ చటుక్కున వచ్చి తర్వాతది తిరుగుతూ కూర్చుంటే ఎవరికైనా చిరాకే. లోటు ఒకటుంది. కొలిచేవి మంచి నెట్ ఉన్న సర్వర్లు, సిగ్నల్ సరిగా లేని చోట ఫోన్‌లో వాడేవాళ్ల కష్టం వాటికి అందదు. డేటా మొత్తం ఫ్రీ, ఎవరైనా దించుకోవచ్చు. నాలుగు స్టార్లు.