టమాటా వైరస్ స్ట్రిప్ కిట్లు: గీత పడితే ఏం తెలుస్తుంది, పడకపోతే ఎటు పోవాలి

టమాటా మొక్కలో వైరస్ ఉందో లేదో చేను గట్టు మీదే అరగంటలో చెప్పే స్ట్రిప్ కిట్లలో ఎక్కువగా వినపడే పేర్లు రెండు. ఒకటి అమెరికా కంపెనీ అగ్డియా వాళ్ళ ఇమ్యునోస్ట్రిప్, రెండోది ఇంగ్లండ్ నుంచి వచ్చే పాకెట్ డయాగ్నస్టిక్. నర్సరీలు, విత్తన కంపెనీల ఫీల్డ్ సిబ్బంది, గ్రీన్‌హౌస్ పెంపకందార్లు వాడే సరుకు ఇది. ఒక వైరస్ పేరు పెట్టి "ఇది ఉందా?" అని అడిగితే బాగానే జవాబు చెబుతాయి. "నా తోటలో ఉన్నది ఏ వైరస్?" అని అడిగితే మాత్రం వాటి దగ్గర జవాబు లేదు. ఈ తేడా తెలియకుండా పెట్టె కొన్నవాళ్ళే తర్వాత కిట్‌ని తిడుతుంటారు. తెలిసిన వైరస్‌ని పట్టడానికి ఐదుకి నాలుగు ఇవ్వొచ్చు. కొత్తదాన్ని గుర్తించడానికి ఒకటి, అదీ దారి చూపినందుకు.

ముందు వాడకం సంగతి. ఇమ్యునోస్ట్రిప్ పెట్టెలో స్ట్రిప్పులుండే డబ్బా, బఫర్ ఉన్న ప్లాస్టిక్ సంచులు వస్తాయి. సంచి లోపల వలలాంటి సన్నని పొరలుంటాయి. 0.15 గ్రాముల ఆకు, అంటే దాదాపు అంగుళం చదరపు ముక్క, ఆ పొరల మధ్య పెట్టి పెన్ను వెనకవైపుతో బయటి నుంచి గట్టిగా రుద్దాలి. లోపల 3 మిల్లీలీటర్ల బఫర్ ఉంటుంది కాబట్టి పసరు ఇరవై వంతుల్లో ఒక వంతుగా పలచబడుతుంది. స్ట్రిప్ కిందికొసను పావు అంగుళం మించకుండా ముంచి నిలబెడితే పసరు పైకి పాకుతుంది. ముందు పై గీత, అంటే కంట్రోల్ గీత పడుతుంది. దాని కింద రెండో గీత పడితే వైరస్ ఉన్నట్టు. 30 నిమిషాల్లోపు చదివి పక్కన పడెయ్యాలి. మర్నాడు ఎండిన స్ట్రిప్ మీద లీలగా కనిపించే గీతకు విలువ లేదు.

పాకెట్ డయాగ్నస్టిక్‌లో సంచి బదులు సీసా ఉంటుంది. లోపలి ఇనుప గుళ్ళతో ఆకు నలిగేదాకా సీసాను ఊపి, రెండు మూడు చుక్కలు పరికరం గుంతలో వేస్తే పది నిమిషాల్లో ఫలితం. చేతికి పసరు తక్కువ అంటుతుంది. ముదురు కాడలు మాత్రం గుళ్ళకు లొంగవు, ముందే కత్తెరతో సన్నగా తరగాలి.

తప్పులు ఎక్కువగా జరిగేది మొదటి ఐదు నిమిషాల్లోనే. స్ట్రిప్పులు ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. చల్లటి డబ్బాను బయటికి తీసిన వెంటనే మూత తెరిస్తే గాలిలోని తేమ స్ట్రిప్పుల మీద చేరుతుంది. గది వేడికి వచ్చాకే తెరవాలి, ఒక్కటి తీసుకుని వెంటనే బిగించాలి. మే నెలలో బైకు డిక్కీలో తిరిగిన డబ్బా మీద ఆశ పెట్టుకోవద్దు. కంట్రోల్ గీతే పడకపోతే అది నెగటివ్ కాదు, ఆ పరీక్షే చెల్లలేదు. ఎక్కువ ఆకు వేస్తే గీత బాగా పడుతుందనుకోవడం కూడా పొరపాటే. చిక్కటి పసరు పైకి పాకదు. పైగా వైరస్ మరీ ఎక్కువైతే స్ట్రిప్‌లోని యాంటీబాడీలన్నీ (వైరస్‌ని పట్టుకునే ప్రొటీన్లు) విడివిడిగా నిండిపోయి గీత కట్టకుండానే పోవచ్చు. మరీ బలంగా జబ్బు కనిపిస్తూ గీత పడని మొక్క పసరును పది రెట్లు పలచన చేసి ఇంకో స్ట్రిప్ పెట్టి చూడండి.

ఆకు ఎంపిక అంతకంటే ముఖ్యం. ఎండిపోయిన మచ్చ ముక్క పెట్టి లాభం లేదు, చచ్చిన కణాల్లో పట్టుకోవడానికి పెద్దగా మిగలదు. లక్షణాలు అప్పుడే మొదలవుతున్న లేత ఆకు తీసుకోవాలి. తామర పురుగుల ద్వారా వచ్చే వైరస్‌లు మొక్క అంతటా ఒకేలా ఉండవు, ఒక కొమ్మలో ఉండి పక్క కొమ్మలో ఉండకపోవచ్చు. కాబట్టి మొక్కకు రెండు మూడు చోట్ల చూడాలి. ఆ చేనులోనే బాగున్న మొక్క ఆకు ఒకటి తప్పకుండా పెట్టాలి. దానికీ గీత పడితే గ్లౌజులో, కత్తెరలో, కిట్‌లో ఎక్కడో తేడా ఉందన్నమాట, లేదా వైరస్ లక్షణాలు చూపకుండానే చేనంతా పాకిందన్నమాట. బీడీ, ఖైనీ ముట్టిన చేత్తో పొగాకు మొజాయిక్ కుటుంబం స్ట్రిప్‌ని ముట్టుకోవద్దు. పొగాకులోని వైరస్ ఎండినా చావదు, వేళ్ళ మీది మరకే గీత వేయించగలదు.

ఇక అసలు గొడవ ఎక్కడంటే, ఏ స్ట్రిప్ కొనాలి అనే దగ్గర. ఈ కిట్లు అమెరికా, యూరప్ తోటల్లోని వైరస్‌లను దృష్టిలో పెట్టుకుని తయారైనవి. టమాటా పండు మీద వలయాలు, లేత ఆకులు కంచు రంగుకు తిరగడం, మొవ్వు మాడిపోవడం చూసి చాలామంది టమాటా స్పాటెడ్ విల్ట్ వైరస్ స్ట్రిప్ తెప్పిస్తారు. పుస్తకంలో బొమ్మ అచ్చం అలాగే ఉంటుంది మరి. కానీ మన మైదానాల్లో ఈ లక్షణాల వెనక సాధారణంగా ఉండేది వేరుశనగ మొవ్వుకుళ్ళు వైరస్. ఒకప్పుడు దీన్నీ స్పాటెడ్ విల్ట్ వైరస్సే అనుకున్నారు. పటాన్‌చెరు ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు 1992లో ఇది వేరే వైరస్ అని తేల్చారు. యాంటీబాడీల లెక్కలో రెండూ వేర్వేరు గుంపులవి, ఒకదాని స్ట్రిప్ రెండోదాన్ని పట్టదు. అంటే చేను సగం పోతున్నా స్ట్రిప్ మీద ఒకటే గీత. క్యాప్సికమ్ క్లోరోసిస్ వైరస్ కూడా ఇదే మొవ్వుకుళ్ళు గుంపుది, మన దేశంలో టమాటాలోనూ కనిపించింది. కొనేముందు అమ్మేవాళ్ళను అడగాల్సింది ఒక్కటే: ఇది వేరుశనగ మొవ్వుకుళ్ళు వైరస్‌ని పడుతుందా? జవాబు నసిగితే డబ్బు మిగుల్చుకోండి.

ఆకుముడత విషయంలో స్ట్రిప్పుల అవసరమే తక్కువ. తెల్లదోమ మోసుకొచ్చే ఈ వైరస్‌లు ఆహారం పారే నాళాల్లోనే ఉంటాయి, అంగుళం ఆకులో దొరికేది కొంచెమే. ఇక్కడ టమాటా లీఫ్ కర్ల్ న్యూఢిల్లీ వైరస్, బెంగళూరు వైరస్, వాటి చుట్టాలు చాలా ఉన్నాయి. వీటి పైపొర ప్రొటీన్లు ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి కాబట్టి యాంటీబాడీ "ఈ కుటుంబంది" అనగలదే గానీ పేరు చెప్పలేదు. ముడత చూసి రైతు చెప్పేదానికి అది కలిపేదేమీ లేదు.

టొబామో కుటుంబంలో, అంటే పొగాకు మొజాయిక్ వైరస్, దాని బంధువుల్లో, కథ ఇంకోలా ఉంటుంది. గ్రీన్‌హౌస్ వాళ్ళు దీన్ని గట్టిగా పట్టించుకోవాలి. ఈ వైరస్‌లు ఆకులో దండిగా ఉంటాయి, గీత గట్టిగా, త్వరగా పడుతుంది. కాకపోతే పొగాకు మొజాయిక్, టమాటా మొజాయిక్, టమాటా బ్రౌన్ రుగోస్ ఫ్రూట్ వైరస్ మూడింటికీ ఒకే స్ట్రిప్ స్పందించే అవకాశం ఉంది. ఈ మూడోది ఇజ్రాయెల్‌లో 2014లో తలెత్తింది. జోర్డాన్‌లో 2015లో గ్రీన్‌హౌస్ టమాటాల్లో పండ్ల మీద గోధుమ రంగు గరుకు మచ్చలతో దొరికింది, దాని పూర్తి జన్యుక్రమం వెలువడ్డాకే కొత్త వైరస్ అని ఖాయమైంది. సుమారు 6,400 అక్షరాల జన్యుక్రమంలో అతి దగ్గరి బంధువుతో, పొగాకు మొజాయిక్ వైరస్ రకం ఒకదానితో, పోలిక 82.4 శాతమే. దశాబ్దాల పాటు టమాటా మొజాయిక్ నుంచి టమాటాను కాపాడిన టీఎం-2 స్క్వేర్ జన్యువును ఇది దాటేస్తుంది. అందుకే ఒక సూచన గుర్తుంచుకోండి: విత్తన ప్యాకెట్ మీద టమాటా మొజాయిక్ తట్టుకుంటుందని రాసి ఉండి, ఆ మొక్కకు టొబామో స్ట్రిప్‌లో గట్టి గీత పడితే, ఆ మొక్క నేరుగా ల్యాబ్‌కి పోవాలి. స్ట్రిప్ మీద పేరు చూసి ఊరుకోవద్దు. ఈలోపు కత్తెరలు, తాళ్ళు, గ్లౌజులు అన్నీ అనుమానితులే. వరుస మారేటప్పుడు చేతులు, పనిముట్లు 20 శాతం వెన్న తీసిన పాలపొడి ద్రావణంలో ముంచడం పాతదే అయినా పనిచేసే పద్ధతి.

గీత పడలేదు, మొక్క మాత్రం జబ్బుగానే ఉంది. అప్పుడు కొత్త వైరస్ అనుకునే ముందు కలుపుమందు సంగతి చూడాలి. పక్క పొలంలో 2,4-డి కొట్టినా, ఆ మందు కొట్టిన ట్యాంకు సరిగా కడగకుండా వాడినా ఆకులు ఫెర్న్ మొక్కలా సన్నగా సాగుతాయి. దోస మొజాయిక్ వైరస్ కూడా అలాగే చేస్తుంది. తేడా చేనులో కనిపిస్తుంది: మందు గాలివాటున ఒక పక్క నుంచి ఒకేసారి దిగుతుంది, తర్వాత వచ్చే చిగుళ్ళు మెల్లగా సర్దుకుంటాయి. వైరస్ అక్కడొకటి ఇక్కడొకటిగా మొదలై పెరుగుతూ పోతుంది. కంటికి ఆనని నల్లి చేసే ముడత, ఎండకు ఆకు దొన్నెలా ముడుచుకోవడం కూడా లెక్కలోకి తీసుకోవాలి. (వైరస్‌ని చంపే మందు అని షాపుల్లో ఇచ్చే సీసాల గురించి అడగొద్దు. మొక్కలో దూరిన వైరస్‌ని తీసే మందు లేదు.)

ఇవన్నీ కాదని తేలాక రెండో మెట్టు, కుటుంబం మొత్తాన్ని పట్టే ప్రైమర్లతో (వెతికే చోట అతుక్కునే చిన్న డీఎన్ఏ ముక్కలు) పీసీఆర్, అంటే ఆ జన్యుభాగాన్ని లక్షల కాపీలు చేసి చూసే పరీక్ష. ఆకుముడత అయితే దీనికంటే మంచి దారి ఇంకొకటుంది. డీఎన్ఏని కాపీ చేసే ఫై29 ఎంజైముతో 30 డిగ్రీల దగ్గర 18 నుంచి 20 గంటలు పెడితే గుండ్రటి డీఎన్ఏలన్నీ ప్రైమర్ ముందే తెలియకుండా పెరుగుతాయి. తర్వాత ఒక్కచోటే కోసే ఎంజైముతో కోస్తే 2.7 కిలోబేస్‌ల (2,700 అక్షరాల) పట్టీ జెల్‌లో విడిగా దిగుతుంది, దాన్ని క్లోన్ చేసి చదవచ్చు. 1.35 దగ్గర ఇంకో పట్టీ కనిపిస్తే బీటాశాటిలైట్ (వైరస్‌ని అంటిపెట్టుకుని ఉండే చిన్న డీఎన్ఏ) కూడా ఉండొచ్చు. ఖర్చు తక్కువ, ఫలితం గట్టిది. బెగోమో, అంటే ఆకుముడత వైరస్‌ల కుటుంబం, అనుమానమైతే సీక్వెన్సింగ్‌కి (జన్యు అక్షరాలన్నీ చదివించడానికి) ఎగబడే ముందు ఇది చేయించాలి.

ఆర్ఎన్ఏ వైరస్ (టొబామో, మొవ్వుకుళ్ళు లాంటివి) అని అనుమానం ఉండి పీసీఆర్‌లో ఏదీ పడకపోతే, అప్పుడు మొత్తం ఆర్ఎన్ఏ సీక్వెన్సింగ్. హైదరాబాద్, బెంగళూరుల్లో డబ్బు తీసుకుని చేసిపెట్టే సంస్థలున్నాయి. ఇక్కడ డబ్బు వృథా అయ్యేది ఎక్కువగా ఒకే చోట. ఏమీ చెప్పకుండా నమూనా ఇస్తే మామూలు జన్యు పరిశోధనకు చేసినట్టే పాలీ-ఏ తోక (చివర వరుసగా ఏ అక్షరాలు) ఉన్న ఆర్ఎన్ఏనే ఏరుకుని లైబ్రరీ, అంటే యంత్రం చదివే నమూనా, కడతారు. టొబామోలకు, మొవ్వుకుళ్ళు గుంపుకు ఆ తోక ఉండదు. అంటే వెతికేదాన్నే ముందుగా జల్లెడ పట్టి పారబోయడం. "రైబోజోమ్ ఆర్ఎన్ఏ తీసేసిన మొత్తం ఆర్ఎన్ఏ లైబ్రరీ" అని ఆర్డరులో రాయించండి. ఆకు ఆర్ఎన్ఏలో ఎక్కువ భాగం మొక్క సొంత రైబోజోమ్ ఆర్ఎన్ఏనే కాబట్టి అది తీయకపోయినా రీడ్లు (యంత్రం చదివే ముక్కలు) దానికే పోతాయి. 150 అక్షరాల జత రీడ్లు ఒకటి రెండు కోట్లు సాధారణంగా సరిపోతాయి. 21, 22 అక్షరాల చిన్న ఆర్ఎన్ఏలు చదివించడం ఇంకో దారి. మొక్క వైరస్‌ని నరికినప్పుడు మిగిలిన ముక్కలవి, డీఎన్ఏ వైరస్‌లూ వాటిలో దొరుకుతాయి.

ఈ సేవల్లో బలహీనమైన భాగం రిపోర్టు. రంగురంగుల వృత్తాలు, పది పన్నెండు వైరస్‌ల పేర్లు ఉంటాయి. మొదట చూడాల్సింది ఒక్కో పేరుకు ఎన్ని రీడ్లు, అవి జన్యుక్రమం అంతటా పరుచుకున్నాయా, ఒకే చోట కుప్పపడ్డాయా అని. యంత్రంలో పక్కన నడిచిన నమూనా నుంచి కొన్ని రీడ్లు ఇటు జారడం మామూలే. పక్క నమూనాలో లక్షల్లో ఉన్న వైరస్ మన దాంట్లో యాభై రీడ్లతో కనిపిస్తే దాన్ని కొట్టేయడమే మంచిది. దీనికే బాగున్న మొక్క నమూనా కూడా అదే రన్‌లో నడిపించాలి, ఖర్చు రెట్టింపైనా. ఇంకో పేరు తరచూ పడుతుంది: సదరన్ టొమాటో వైరస్. విత్తనంతోనే వస్తుంది. అది ఒక్కటే ఉన్నప్పుడు జబ్బు చేస్తుందని గట్టి ఆధారం లేదు. దాన్ని చూసి "దొరికింది" అనుకుంటే అసలు దొంగ తప్పించుకుంటాడు. కొత్త వైరస్ అక్షరాల పోలికలో దొరక్క, ప్రొటీన్ పోలికలో మాత్రమే బయటపడొచ్చు. బ్లాస్ట్ఎన్ (అక్షరాల పోలిక) ఒక్కటే చేసి "తెలియనివి" అని వదిలేసిన కాంటిగ్‌లను (రీడ్లు అతికి కట్టిన పొడవు ముక్కలను) బ్లాస్ట్ఎక్స్‌తో (ప్రొటీన్ పోలికతో) మళ్ళీ చూడమని అడగాలి. ముడి ఫైళ్ళు ఇవ్వని సంస్థకు పని ఇవ్వకండి.

కొత్తదా అనడానికి కుటుంబానికో గీటురాయి ఉంది. బెగోమోలకు డీఎన్ఏ-ఏ (వాటి ప్రధాన జన్యు ముక్క) మొత్తం పోల్చి 91 శాతం కంటే తక్కువ కలిస్తే కొత్త జాతి. టొబామోలకు మొత్తం జన్యుక్రమంలో పది శాతానికి మించి తేడా ఉండాలి. సగం జన్యుక్రమంతో ఈ లెక్క వేయకూడదు. కొసలు విడిగా చదివించి, మధ్య ఖాళీలను పీసీఆర్‌తో పూడ్చి, శాంగర్ పద్ధతిలో (ఒక్కో ముక్కను విడిగా చదివే పాత పద్ధతి) సరిచూడాలి. అదే జబ్బుకు కారణమని చెప్పాలంటే పసరును నికోటియానా బెంథామియానా అనే పొగాకు బంధువు పరీక్ష మొక్కకు, ఆరోగ్యమైన టమాటా నారుకు రుద్ది, అవే లక్షణాలు వచ్చి, అందులో మళ్ళీ అదే వైరస్ దొరకాలి. ఆకుముడత వైరస్‌లు చాలావరకు పసరుతో అంటుకోవు, అంటు కట్టాలి లేదా తెల్లదోమతో చేయాలి.

ఇన్ని చేయాలంటే నమూనా మిగలాలి. ల్యాబ్‌కి ఒక భాగమే పంపండి. ఆకులు తడి లేకుండా కాగితంలో చుట్టి ఐసు పెట్టెలో, వీలైతే 24 గంటల్లోపు చేర్చండి. మూతి బిగించిన పాలిథిన్ కవర్‌లో ఎండలో పెడితే కుళ్ళుతాయి. రెండో భాగం చిన్న ముక్కలుగా కోసి సిలికా జెల్ మీద ఆరబెట్టి, తేదీ, ఊరు, రకం పేరు, మొక్క నంబరు రాసి దాచండి. ఆకుముడత డీఎన్ఏ అందులో బాగానే నిలుస్తుంది. ఆర్ఎన్ఏ కోసమైతే మూడో భాగం మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో ఉండాలి. నారు కొన్న నర్సరీ బిల్లు, విత్తనం లాట్ నంబరు కూడా ఆ కవరులోనే పెట్టండి, వైరస్ విత్తనంతో వచ్చిందా అనే ప్రశ్న వచ్చిన రోజున అవి లేకపోతే ఎంత ఖర్చు పెట్టినా తేలదు.