పచ్చిపులుసులో పడ్డాక తెలిసిన వోడ్కా

మా ఫ్రిజ్‌లో ఐస్ పెట్టే డబ్బా తెరిస్తే ట్రేల పక్కన ఒక వోడ్కా సీసా అడ్డంగా పడుకుని ఉంటుంది. 14 నెలలుగా ఆ చోటు ఖాళీ లేదు. ఒకటి అయిపోతే ఇంకొకటి, ఇప్పుడున్నది ఆరోది. తాగుబోతు అనుకునేముందు లెక్క చూడండి. ఫుల్లు అంటే 750 మిల్లీలీటర్లు, 60 మిల్లీల పెగ్గులు పన్నెండున్నర. అందులో సగం మా బామ్మర్ది ఖాతా. మా ఇంటావిడకు కూడా ఇదే లెక్క చెప్పాను, ఆమె నమ్మలేదు గానీ మీరు నమ్మండి.

వోడ్కా పేరు రాయడం లేదు, ముందుముందు తిట్లు కూడా ఉన్నాయి కాబట్టి. మన రాష్ట్రంలోనే తయారైంది, హనుమకొండలో ఇంటి దగ్గరి వైన్స్‌లో దొరికింది. విదేశీ సీసా ఒకటి కొనే డబ్బుకు ఇవి రెండు వచ్చి, నంజుకునే స్టఫ్‌కు కూడా మిగులుతుంది. లేబుల్ మీద 42.8 శాతం, పక్కనే 75 డిగ్రీల ప్రూఫ్ అని ఉంటుంది. రెండూ ఒకటే. బ్రిటిష్ వాళ్ల పాత కొలతలో 57.1 శాతం ఆల్కహాల్ ఉంటే 100 ప్రూఫ్. అందులో ముప్పావు వంతు మనది. వాళ్లు పోయినా మన విస్కీ, రమ్ము, బ్రాందీ, వోడ్కా చాలావాటి మీద ఆ ముప్పావు లెక్క మిగిలిపోయింది. యూరప్‌లో 37.5 ఉంటే చాలు, వోడ్కా అని అమ్ముకోవచ్చు. కాబట్టి మనది కొంచెం గట్టిదే.

గ్రెయిన్ స్పిరిట్ అని కూడా రాసి ఉంది. అంటే చెరకు మడ్డి నుంచి కాదు, గింజల నుంచి తీసింది. ఏ గింజలని అడిగితే కౌంటర్ పిల్లగాడు "నూకలే అన్నా, ఇంకేముంటయ్" అన్నాడు. వాడికెట్ల తెలుసో నాకు తెలియదు గానీ మన దేశంలో గింజల స్పిరిట్‌కు ఎక్కువగా వాడేవి నూకలు, మక్కలే.

మొదటిసారి తాగింది మే నెలలో. బయట 44 డిగ్రీలు, కరెంటు పోయింది, ఐస్ లేదు. ఏమీ కలపకుండా అట్లనే రా కొట్టాం. అది మా తప్పే. ముక్కు దగ్గర పెట్టుకోగానే సూది వేసేముందు నర్సమ్మ దూదితో రాసే స్పిరిట్ వాసన. దాని వెనక, బాగా ఓపిక పడితే, వార్చిన గంజి లాంటిది ఏదో లీలగా ఉంది. గొంతులో మంట మరీ ఎక్కువ కాదు. మింగిన తర్వాత నాలుక చివర్న ఒక తీపి నిలిచింది. బియ్యం నమిలితే వచ్చే తీపి కాదు, ఎవరో చిటికెడు చక్కెర వేసి కలిపినట్టు. వోడ్కా నున్నగా దిగాలని కొంచెం తీపి కలపడం ఈ వ్యాపారంలో కొత్తేం కాదు. ఇందులో కలిపారో లేదో లేబుల్ చెప్పదు, నా నాలుక మాత్రం కలిపారనే అంటుంది. ఈ తీపిని గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే రావాలి.

రెండోసారి సీసాను రెండు రోజులు డీప్ ఫ్రీజర్‌లో పెట్టి తీశాం. మైనస్ 18 దగ్గర ఇది గడ్డకట్టదు, చిక్కబడుతుంది. గ్లాసులోకి నూనె జారినట్టు జారింది. వాసన లేదు, మంట లేదు, ఆ తీపి కూడా సగానికి తగ్గింది. బామ్మర్ది "బావా, గిది ఫారిన్ మాల్ లెక్కనే ఉన్నది" అని మురిసిపోయాడు. నాకు అనుమానం వచ్చింది. అంత చల్లదనంలో నాలుక మొద్దుబారుతుంది, వాసన పైకి లేవదు. అది వోడ్కా మంచితనం కాదు, చలి చేసిన మేలు. సరిగ్గా పరీక్షించాలంటే దీనికి ఎదురు చేయాలి. మామూలు వేడిలో, సగం వోడ్కా సగం నీళ్లు. ఆల్కహాల్ 21 శాతానికి దిగుతుంది, మంట తగ్గుతుంది, లోపలున్న తప్పులన్నీ ముక్కుకు తెలుస్తాయి. అట్ల చూసినప్పుడు మొదటి మూడు సీసాలు పాసయ్యాయి. గంజి వాసన, తీపి, అంతే. మా బోరు నీళ్లు కలిపితే మాత్రం ఏదో సుద్ద ముక్క నాకినట్టుంది, ఫిల్టర్ నీళ్లతో ఆ బాధ లేదు. సీసాలో సగానికి పైగా ఉండేది నీళ్లే కాబట్టి, కంపెనీ వాళ్లు ఏ నీళ్లు పోస్తారన్నది కూడా చిన్న విషయం కాదు.

నాలుగోది ఫెయిల్. అదే లేబుల్, అదే సీలు, అదే దుకాణం. మూత తీస్తే గోడలకు వేసే రంగు వాసన. సగం నీళ్లు కలిపితే అది ఇంకా పెరిగింది. దుకాణంలో అడిగితే "గదే మాల్ అన్నా, మీ నోరు బాలేదు" అన్నారు. అటక మీదున్న పాత క్యాండిల్ వాటర్ ఫిల్టర్ దించి, దాంట్లో పోసి వడగడదామని మా బామ్మర్ది సలహా. మా ఇంటావిడ ఊళ్లో లేదు కాబట్టి వడగట్టాం. వోడ్కా వాసన వోడ్కాకే ఉంది. ఫిల్టర్‌కు మాత్రం వారం దాకా పోలేదు. ఆమె ఊరి నుంచి వచ్చాక జరిగింది ఇక్కడ రాయను. అయిదో సీసా మళ్లీ బాగుంది. అందుకే ఇప్పుడు కొనేటప్పుడు బ్యాచ్ నంబరు ఫోన్‌లో ఫోటో తీసుకుంటున్నా.

ఇక కలుపుకుని తాగే సంగతి. వోడ్కాలో ఆరెంజ్ జ్యూస్ పోస్తే దాన్ని స్క్రూడ్రైవర్ అంటారు, ప్యాకెట్ జ్యూస్‌తో అది అస్సలు వద్దు, తీపి మీద తీపి. ప్యాకెట్ బదులు బత్తాయి పిండుకుంటే నయం, కానీ పిండిన వెంటనే తాగాలి. బత్తాయి రసం నిల్వ ఉంటే చేదెక్కుతుంది. మేం ముందే జగ్గు నిండా పిండి పెట్టుకుని, సిట్టింగ్ సగంలో ఆ చేదును వోడ్కా మీదికి నెట్టాం. పాపం దాని తప్పు లేదు.

వోడ్కా, నిమ్మరసం, జింజర్ బీర్ అనే అల్లం సోడా కలిపే మాస్కో మ్యూల్ ఫోటోల్లో రాగి మగ్గులో మెరుస్తుంటుంది. పేరు చూసి రష్యాది అనుకునేరు, 1940ల నాటి అమెరికా వాళ్ల అమ్మకం ఎత్తుగడ అది. జింజర్ బీర్ మాకు దొరకలేదు. అల్లం దంచి, కొంచెం చక్కెర వేసి మరిగించి, సోడా, నిమ్మకాయతో కలిపాం. రుచి బాగానే ఉంది. పూజ గదిలోని రాగి చెంబు తెస్తానని బామ్మర్ది లేచాడు. మా అమ్మ వింటే ఇద్దరినీ చెంబుతోనే కొట్టేది. కళాయి లేని రాగిలో పులుపు పోయకూడదని ఆ తరం వాళ్లందరికీ తెలుసు, రాగి పులుపులోకి దిగుతుంది. స్టీలు గ్లాసులోనే తాగాం, రుచికి ఏం లోటు రాలేదు.

వోడ్కాలో టమాటా రసం పోసే బ్లడీ మేరీ కోసం టమాటాలు ఉడకబెట్టి, గుజ్జు తీసి, గంట సేపు కష్టపడితే చల్లారిన టమాటా చారు తాగినట్టుంది. అప్పుడనిపించింది, చారే తాగేటట్టయితే పచ్చిపులుసు ఉండగా ఇదెందుకని.

నిమ్మకాయంత చింతపండును చల్లటి నీళ్లలో అరగంట నానబెట్టి, పిసికి, గుడ్డలో రెండుసార్లు వడకట్టాలి. ఒక పచ్చిమిరపకాయను మంట మీద కాల్చి, ఉప్పు, జీలకర్ర, ఉల్లిగడ్డ ముక్కలతో చేత్తో నలిపి అందులో వేయాలి. పది నిమిషాలాగి మళ్లీ వడకట్టాలి. పోపు వద్దు, ఐస్ తగలగానే నూనె పేరుకుని మూతికి అంటుకుంటుంది. వేయించిన నువ్వుల పొడి చిటికెడు, ఆఖర్లో పైన చల్లాలి. 60 మిల్లీల వోడ్కాకు 120 మిల్లీల పులుసు, నాలుగు ఐస్ ముక్కలు. మొదటిసారి ఇంట్లో అలవాటు కొద్దీ బెల్లం వేశాను, పాడైంది. రెండోసారి మానేశాను, అమిరింది. రా కొట్టినప్పుడు నాలుకకు తగిలి చిరాకు పెట్టిన ఆ తీపి, ఇక్కడ బెల్లం పని తనే చేసింది. పులుపూ కారమూ ముందు తగిలి, చివర్న అది వచ్చి సర్దింది. స్నేహితుడి ఇంట్లో తీపి లేని ఖరీదైన వోడ్కాతో ఇదే చేస్తే పులుపు గొంతు కోసింది, బెల్లం వేయాల్సి వచ్చింది.

మా ఇంటావిడ గ్లాసు వాసన చూసి "అన్నంల పోసుకునే పచ్చిపులుసుల మందు పోస్తరా ఎవలన్న?" అంది. పక్కన స్టఫ్‌గా సర్వపిండి పెట్టింది కూడా ఆమెనే. మా అమ్మ దాన్ని గిన్నప్ప అనేది. పల్లీలు, శెనగపప్పు పడ్డ ఆ కరకర ముక్క, ఈ గ్లాసు, ఇంతకంటే మంచి జోడీ నాకు ఈ 14 నెలల్లో తగల్లేదు.

అయిదో సీసా నుంచి ఒక క్వార్టర్, అంటే 180 మిల్లీలు, పక్కకు తీసి, రెండు ఎండు చపాట మిరపకాయలు గింజలు దులిపి వేశాను. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే ఆ బొద్దుగా, టమాటా లెక్క ఉండే రకమే. దానికి 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. రంగెక్కువ, కారం తక్కువ. కారం నీళ్లలో కంటే ఆల్కహాల్‌లో బాగా దిగుతుంది కాబట్టి మామూలు మిర్చి వేస్తే మందు నోట్లో పెట్టలేం. చపాట అయితే మూడు రోజులకు లేత నారింజ రంగు, ఎండుమిర్చి వేయించిన వాసన, పెదవుల మీద కొద్దిగా చురుకు. వారం ఉంచితే తొక్క చేదు దిగింది, మూడో రోజే తీసేయాలి. దీన్ని పచ్చిపులుసులో పోసిన రోజు బామ్మర్ది ఫారిన్ మాటే ఎత్తలేదు.

ఆరో సీసాలో ఇంకా నాలుగు పెగ్గులున్నాయి. ఇంట్లో ఉన్నది నిరుటి చింతపండు, నల్లబడింది, పులుసు రంగు బురదలా వస్తోంది. కొత్త చింతపండు తెచ్చుకున్నాక ఏడో సీసా కొంటాను, బ్యాచ్ నంబరు చూసి.